బతికి ఉన్నట్టు ఒక ఫొటో

2024 నవంబరు 4

ఈ డైరీ 2008 సంవత్సరానిది. అసెంబ్లీ వాళ్లు సభ్యులందరికీ ఇస్తూ నాకూ ఒకటి ఇచ్చారు. అప్పుడు రాయడానికి నాకేమీ మిగల్లేదు, నా తరఫున రాయాల్సినవన్నీ మా ఆయనే రాశారు. ఇన్నాళ్లూ బియ్యం డబ్బా మీద పడి ఉంది. కాగితాలు ఇంకా తెల్లగానే ఉన్నాయి. పాత తేదీల మీద గీత కొట్టి రాసుకుంటాను.

ఇవాళ పొద్దున చామంతులు ఆటోలో ఎక్కించి గుడిమల్కాపూర్ మార్కెట్టుకు పంపి, రోడ్డు దాకా నడిచాను. కనకమామిడి చౌరస్తాలో కొత్త ఫ్లెక్సీ. మనిషి కంటే పెద్ద మొహం. "మాజీ శాసనసభ్యులు శ్రీ రామేశ్వర్ గారికి డెబ్బయ్యవ జన్మదిన శుభాకాంక్షలు." పక్కన పట్టుచీరలో శకుంతలమ్మ. కింద "రామేశ్వర్, శకుంతల దంపతుల ఆశీస్సులు కోరే అభిమానులు" అని.

దంపతులు అన్న మాట సరే. పదిహేనేళ్లుగా ఆయన చేవెళ్లలో ఆమె ఎరువుల దుకాణం మీది అంతస్తులోనే ఉంటున్నారు. ఊరంతా ఎరిగిన సంగతి. నేను ఏడవాల్సింది ఎప్పుడో ఏడ్చేశాను. నా కడుపు మండింది మొదటి మాటకు. మాజీ శాసనసభ్యులు! ఎవరు? ఈయన ఏనాడు గెలిచారు? ఉప ఎన్నికలో నిలబడదామనుకుంటే కేసులో శిక్ష పడి ఉంది, నామినేషన్ చెల్లదన్నారు. అప్పటికప్పుడు నా పేరు రాసి పంపారు. గెలిచింది నేను. ప్రమాణం చేసింది నేను. రెండున్నరేళ్లు ఆ కుర్చీలో కూచున్నది నేను. ఆ తర్వాత పునర్విభజనలో మా నియోజకవర్గమే లేకుండా పోయింది. మిగిలింది నా పేరున వచ్చే పెన్షన్, ఆయన పేరు ముందు తిరిగే ఎమ్మెల్యే.

నవంబరు 5

రాత్రి గాలి బాగా వీచింది. ఫ్లెక్సీ చిరిగిందేమోనని వెళ్లి చూశాను. చిరగలేదు.

నవంబరు 10

రేపో ఎల్లుండో వస్తారు. ఏటా ఈ నెలలోనే వస్తారు. నీలం చీర ఇస్త్రీ చేయించాను. ఫొటో ఆఫీసు వాళ్లకు వెళుతుంది కదా, శుభ్రంగా ఉండాలి. ఆయన కోసమేం కాదు.

నవంబరు 12

వచ్చారు. కారు అద్దం మీద ఎర్ర అక్షరాల స్టిక్కరు, "మాజీ ఎమ్మెల్యే". డ్రైవర్ పాండు తలుపు తీస్తే దిగారు. చేతిలో సీతాఫలాల సంచీ.

"ఎట్లున్నవు సుమిత్రా? షుగర్ గోలీలు ఏస్కుంటున్నవా?"

ఏడాదికొకసారి ఈ మాట అడుగుతారు. నేను బతికి ఉండటం ఆయనకు అవసరం కదా.

"ఉన్న," అన్నాను.

చాయ్ తాగారు. అల్లం ఎక్కువ, చక్కెర ఎక్కువ. నేను మరిచిపోదామన్నా నా చెయ్యి మరవదు. తర్వాత జేబులోంచి ఫోన్ తీశారు. వెలుతురు పడే చోట కుర్చీలో నేను కూచోవాలి. ఆయన ఎదురుగా నిలబడి ఫోన్ నా మొహానికి పట్టాలి. పెన్షన్ తీసుకునే మనిషి బతికి ఉందో లేదో ఆ ఫోన్ చూసుకుంటుంది. తల తిప్పమంటుంది, కన్ను ఆర్పమంటుంది. పాత ఫొటో చూపించి మోసం చేస్తారని భయం. అన్నీ కుదిరితే పచ్చ టిక్కు పడుతుంది. ఇంకో ఏడాది పెన్షన్ నా ఖాతాలో పడుతుంది, ఆయన దగ్గరున్న కార్డుతో ఆయన తీసుకుంటారు. ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాలే ఆయన నా మొహం చూసేది.

"జర ఇటు సూడు. నవ్వు. ఏడాదికొక్కసారి గూడ నవ్వవా?"

ప్రతి ఏడూ ఈ మాటకు నవ్వేదాన్ని. ఇవాళ చౌరస్తాలో ఆ పెద్ద మొహం గుర్తొచ్చింది. కళ్లు మూసుకున్నాను.

"కండ్లు తెరువు."

తెరవలేదు.

"ఏందే, నిద్రొస్తున్నదా?"

"సచ్చినోళ్లు కండ్లెట్ల తెరుస్తరు?" అన్నాను. "చౌరస్తల ఫ్లెక్సీ సూసిన. మీ పెండ్లాం శకుంతలమ్మ అంట. అంటె నేను పోయినట్టే గద. పోయినదాన్ని ఫొటో ఎందుకు తీస్తున్నరు?"

"అది పిలగాండ్లు ఏసిన్రు. నాకేం ఎరుక?"

"మాజీ శాసనసభ్యులు అని గూడ పిలగాండ్లే రాసిన్రా?"

ఫోన్ మాత్రం "ముఖం సరిగా కనిపించడం లేదు" అని చెప్పిందే చెబుతోంది. కాసేపటికి ఫోన్ జేబులో వేసుకుని, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయారు.

సీతాఫలాలు పక్కవాళ్ల బర్రెకు వేశాను. రెండు మాత్రం ఉంచాను, అవి బాగా పండాయి.

నవంబరు 13

బాగా చేశాను.

నవంబరు 14

బాగా చేశాను.

నవంబరు 22

మళ్లీ వచ్చారు. ఈసారి చీర తెచ్చారు. తలనొప్పి అని చెప్పి మొహానికి తుండుగుడ్డ కట్టుకుని పడుకున్నాను. గుడ్డ కిందినుంచి ఆయన పాదాలు కనిపించాయి. చాలాసేపు అక్కడే నిలబడ్డాయి. ఎడమ కాలి మడమ పగిలింది, ఆమె చూసుకోదనుకుంటాను. చీర రంగు నాకు నప్పదు.

డిసెంబరు 3

మూడోసారి. పదిహేనేళ్లలో ఒక నెలలో మూడుసార్లు ఈ గడప తొక్కింది లేదు. ఫొటో మాట ఎత్తలేదు. మోటరు బాగుందా, కూలీలు దొరుకుతున్నారా అని అడిగారు. దొంతన్‌పల్లి వైపు పూల తోటలు వేసినవాళ్ల సంగతులు చెప్పారు. వెళ్లేటప్పుడు గుమ్మంలో ఆగి, "ఫొటో సంగతి జర ఆలోచించు," అన్నారు.

ఇంత సిగ్గు లేకుండా నా చేతి చాయ్ తాగుతుంటే నాకు అసహ్యం వేసింది. అల్లం అయిపోయింది, తెప్పించాలి.

డిసెంబరు 15

మొయినాబాద్ ఫంక్షన్ హాల్లో పెళ్లి. భోజనాల దగ్గర కూచుంటే, బల్ల పక్కన ఎవరో వంగి పాకుతున్నారు. చూస్తే పాండు. ఫోన్ నా మొహానికి పట్టి, "అమ్మా, ఒక్కసారి కన్ను కొట్టుండ్రి," అన్నాడు.

"ఏం పాండూ, నలుగురిల ముసల్దాన్ని కన్ను కొట్టుమంటున్నవు. ఇంట్ల నీ పెండ్లానికి ఎరుకేనా?"

బంతిలో ఆడవాళ్లంతా పడీ పడీ నవ్వారు. పాండు మొహం కందగడ్డ అయింది. పాపం వాడిదేం తప్పు, జీతగాడు. కానీ నాకు ఎంత హాయిగా ఉందో! రెండుసార్లు పాయసం వేయించుకున్నాను.

2025 జనవరి 19

కరుణమ్మ ఫోన్ చేసింది. అసెంబ్లీలో నా పక్క సీటు ఆమెది. అంగన్‌వాడీ టీచరు ఉద్యోగం మానేసి వచ్చి రిజర్వుడు సీటులో రెండుసార్లు గెలిచిన మనిషి. అంత పెద్ద సభలో నాతో నా సంగతి మాట్లాడింది ఆమె ఒక్కతే. మిగతావాళ్లంతా "సాబ్ ఎట్లున్నరు?" అనేవాళ్లు.

"సుమిత్రక్కా, ఈసారి ఫొటో దిగినవా?"

"దిగలే. దిగ గూడ దిగ. నాకు పైస రాకుంటె పాయె, ఆయనకు రావద్దు. ఆయన ఎమ్మెల్యేగిరీ ఎట్ల నడుస్తదో సూస్త."

"మార్చి దాటితె ఆపుతరక్కా. మల్ల నువ్వు ఎప్పుడు పోయి మొహం సూపిస్తె అప్పుడు మొదలైతది, ఆగినయి గూడ ఇస్తరు. గవర్నమెంటు లెక్కల నువ్వు సచ్చినట్టు గాదు, కనవడనట్టు."

"మరి నిజంగనే సస్తే?"

"గప్పుడు ఫ్యామిలీ పెన్షన్. మెంబరు పోతె ఇంట్లోల్లు రోడ్డున పడొద్దని పెట్టిన్రు. మా ఆయన ఉంటె ఆయనకొచ్చేది. నీకు విడాకులు కాలే గద?"

"కాలే."

"అయితె నువ్వు పోయినంక రామేశ్వర్ సాబ్‌కే, ఆయన బతికినన్ని దినాలు. గప్పుడు ఫొటోకు ఆయన మొహమే సాలు. నీ కాళ్లు పట్టుకునే పని గూడ ఉండది."

ఫోన్ పెట్టేసి పొలం గట్టు మీద కూచున్నాను. కొంతకాలంగా షుగర్ గోలీలు వేసుకోవడం లేదు. ఎందుకని అడిగేవాళ్లు లేరు గనక నాకు నేనూ అడుక్కోలేదు. పోతే పోతాను, ఆయన పెన్షన్ ఆగిపోతుంది అని ఎక్కడో లోపల ఒక సంతోషం ఉండేది. ఇప్పుడు చూస్తే నా చావు కూడా ఆయనకు లాభమే. కాలేజీ పిల్లకు పరీక్ష పోయిందని తెలిసినట్టయింది నా పని.

లేచి ఇంట్లోకి వెళ్లి గోలీ వేసుకున్నాను.

జనవరి 20

పొద్దున్నే మెంతుల నీళ్లు. చేదు. తాగాను.

ఫిబ్రవరి 8

రోజూ నడుస్తున్నాను, కెనాల్ దాకా పోయి రావడం. అన్నం తగ్గించి జొన్న రొట్టె. మొయినాబాద్ డాక్టరమ్మ పరీక్ష చేసి, "చాలా బాగా తగ్గింది, ఏం చేస్తున్నారమ్మా?" అంది. ఏం చెప్పను? ఒక మనిషి కంటే ఒక్క పూట ఎక్కువ బతకాలని పట్టు పట్టాను, ఆ పట్టే మందులా పనిచేస్తోంది అని చెప్పనా?

పూలు తెంపే రాధమ్మ నెలనెలా ముసలివాళ్ల పెన్షన్‌కు వేలిముద్ర వేయడానికి లైన్లో నిలబడుతుంది. "మీకు ఫొటోనా అమ్మా, మాకు ఏలు. ఏలు అరిగిపోయి పడుతలేదు," అంది. సగం టర్మ్ కుర్చీలో కూచున్నందుకు నాకు జీవితాంతం, జీవితాంతం కలుపు తీసిన రాధమ్మకు అరిగిన వేలు. ఆ సంగతి ఆలోచిస్తే నా కోపం పలచబడుతుందని భయం వేసి, ఆలోచించడం మానేశాను.

మార్చి 31

గడువు అయిపోయింది. ఆయన రాలేదు. నేను గేటు దగ్గర కూచున్నది గాలి కోసం.

ఏప్రిల్ 14

పాండు వచ్చాడు. కారులో కాదు, బస్సులో. జీతం రాలేదట, పని మానేస్తున్నానని చెప్పి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. కారు దుకాణం ముందే ఉంటోందట, కదలడం లేదు. పెళ్లిళ్లకూ చావులకూ సాబ్ రావడం తగ్గించారట. అడిగినవాళ్లకు ఎండలు అంటున్నారట.

పాండుకు భోజనం పెట్టాను. గుత్తివంకాయ చేశాను. అంత మంచి కబురు తెచ్చినవాడికి ఆ మాత్రం పెట్టొద్దా?

ఏప్రిల్ 27

ఎవరు వచ్చారో రాయనా వద్దా అని రెండుసార్లు కలం మూసి తీశాను.

శకుంతలమ్మ. ఆటో దిగి గేటు బయటే నిలబడింది. ఫ్లెక్సీలో ఉన్నంత ఎత్తు లేదు. నూలు చీర, జుట్టుకు రంగు మానేసినట్టుంది. షాబాద్ శేట్ల ఇంటి పిల్ల, మొగుడు పోయాక ఒంటిచేత్తో దుకాణం నడిపిన మనిషి. ఇన్నేళ్లలో దగ్గరగా చూడటం ఇదే.

"అక్కా, లోపలికి రావచ్చునా?"

"అక్క ఎవరు?"

"సరే. అమ్మా, రావచ్చునా?"

రమ్మనలేదు, వద్దనలేదు. గేటు లోపలికి రెండడుగులు వేసి అక్కడే నిలబడి చెప్పింది.

"ఆ పైసలు నేను ఒక్కటి ముట్టలే. మా ఇల్లు నా దుకాణం మీదనే నడుస్తది. ఆయనకే కావాలె కారు, డ్రైవరు, ఎనుక నలుగురు. అవి బంద్ అయితె నాకేం ఫికర్ లేదు. నేను అందుకు రాలే. ఆయనకు గుండెల మూడు బ్లాకులున్నయన్నరు. నెల లోపట ఆపరేషన్ చెయ్యాలన్నరు. మాజీ ఎమ్మెల్యే అని పెద్ద దవాఖానకు తీస్కపోయిన. కౌంటర్ కాడ పిల్ల కంప్యూటర్ల సూసి, ఈ పేరున ఎమ్మెల్యే ఎవరు లేరన్నది. సుమిత్ర అనే మెంబరున్నది, ఆమె భర్తయితె ఆమె లెటర్ తెస్తె ఫ్రీగ చేస్తమన్నది. ఆయన ఆ పిల్ల ముంగట ఒక్క మాట మాట్లాడలే."

ఆ కౌంటర్ దగ్గర ఆయన మొహం ఎలా ఉండి ఉంటుందో ఊహించుకుంటున్నాను. ఇన్నేళ్లుగా నేను కోరుకున్న మొహం.

"నువ్వు ఆయనకు ఏమైతవని చెప్పినవు?" అని అడిగాను.

శకుంతలమ్మ కింద చూసింది. "పేషెంట్ ఎంబడి అటెండర్ అని రాయించిన," అంది.

అక్కసుకు అక్కడే నవ్వు రావాల్సింది, కానీ రాలేదు. "ఆలోచిస్త. పో," అన్నాను.

"దండం పెడుతున్న."

"పో అన్న గద!"

ఏప్రిల్ 28

పోనీ. పోతే పోనీ. ఆయన ముందు పోతే నేను గెలిచినట్టే కదా.

ఏప్రిల్ 29

నిద్ర లేదు. ఇలా ఊరికే గెలవడం నాకు నచ్చలేదు. ఆయన చూడాలి కదా, నేను గెలిచానని. చచ్చినవాడు ఏం చూస్తాడు? అందుకోసమే. వేరే కారణం ఏమీ లేదు. కరుణమ్మకు ఫోన్ చేశాను.

మే 5

హైదరాబాద్ వెళ్లాం, నేనూ కరుణమ్మా. ఆఫీసులో కుర్రవాడు కంప్యూటర్ చూసి, "మీరు మాజీ సభ్యుల వైఫా మేడమ్?" అన్నాడు. కరుణమ్మ బల్ల మీద చెయ్యి కొట్టింది. "వైఫ్ గాదు బిడ్డా, సభ్యురాలే. నీ ముంగట ఇద్దరు ఎమ్మెల్యేలు నిలవడ్డరు, కుర్సీలెయ్యి." వేశాడు. వాళ్ల ముందే మొహం చూపించాను, బతికి ఉన్నాను అని రాసుకున్నారు. భర్తకు దవాఖాన లెటర్ కావాలంటే రెండు రోజుల్లో ఇస్తామన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు మొయినాబాద్ బ్యాంకులో దిగాం. ఖాతాకు నా ఫోన్ నంబరు పెట్టమని, కొత్త కార్డు ఇమ్మని అడిగాను. మేనేజరు సంతకం పెట్టించుకుని పాతదానితో పోల్చి చూశాడు.

"కలవట్లేదు మేడమ్. మీ సంతకం ఇది."

చూపించాడు. ఇంగ్లీషులో పెద్ద ఎస్, తోక తిప్పి, కింద రెండు గీతలు. నా పేరున ఆయన చేసిన సంతకం. నేనేమో తెలుగులో "సుమిత్ర" అని బడిపిల్లలా రాస్తాను. ఎమ్మెల్యే సంతకం అలా ఉంటే గౌరవం ఉండదని ఆయనే ఒకటి తయారు చేశారు. అప్పట్లో నవ్వుకున్నాం కూడా, ఇద్దరం. బదిలీల సిఫారసులు, రోడ్ల లెటర్లు, ఈ ఖాతా, అన్నిటి మీదా ఆ తోక ఎస్సే.

"ఇది నాది గాదు సార్, మా ఆయనది," అన్నాను.

మేనేజరు హాస్యమనుకుని నవ్వాడు. నేను నవ్వలేదని చూసి ఆగాడు. చివరికి వేలిముద్ర పడింది. నా వేలు ఇంకా అరగలేదు, ఆయన దాన్ని దొంగిలించలేకపోయారు. కొత్త సంతకం పెట్టమన్నారు. "సుమిత్ర." కింద ఒక్క గీత కూడా గీయలేదు.

మే 9

లెటర్ చేతికొచ్చింది. ఆయన్ను రమ్మని కబురు పెట్టాను. ఒక్కరే రావాలి, కారులో రావాలి అన్నాను.

పాండును బతిమాలి తెచ్చుకున్నట్టున్నారు. మధ్యాహ్నం దిగారు. సన్నబడ్డారు, చొక్కా వేలాడుతోంది.

"లెటర్ ఉన్నది," అన్నాను. "నేను సంతకం పెట్టాలె. ముందుగాల ఆ స్టిక్కర్ తీయాలె."

"పాండూ, గది పీకెయ్‌రా."

"పాండు గాదు. నువ్వు."

నలభై మూడేళ్ల కాపురంలో మొదటిసారి ఆయన్ను నువ్వు అన్నాను. ఆయనకు ముందు ఆ మాట తగిలింది, పని తర్వాత తగిలింది. దోసెల అట్లకాడ తెచ్చి చేతికిచ్చాను.

ఎండలో నిలబడి గీకాడు. ఇకమీద ఈ పుస్తకంలో కూడా ఆయనకు గౌరవం లేదు. పాత స్టిక్కరు, అద్దానికి కరుచుకుపోయింది. గీకుతున్నాడు, ఆగుతున్నాడు, రొమ్ము పట్టుకుంటున్నాడు, మళ్లీ గీకుతున్నాడు. పక్క ఫామ్‌హౌస్ వాచ్‌మన్ గోడ మీదినుంచి చూశాడు. రాధమ్మ పూలబుట్ట దింపి చూసింది. చూడాలనే నేను కోరుకున్నాను. పాండు నీళ్లు ఇచ్చాడు. నేను ఇవ్వలేదు.

ముందు "ఎమ్మెల్యే" పోయింది. "మాజీ" అంటుకునే ఉంది.

"ఇది వస్తలేదు," అన్నాడు. ఊపిరి అందడం లేదు.

"ఉండనియ్యి. అది నిజమే గద."

నన్ను చూశాడు. కోపంగా చూస్తాడనుకున్నాను. ముసలివాడు చూసినట్టు చూశాడు. లెటర్ మీద నా సంతకం పెట్టి చేతికిచ్చాను.

మే 10

కారు వేపచెట్టు నీడకు పెట్టమని చెప్పాల్సింది. మరిచిపోయాను. మరవలేదు.

మే 21

ఆపరేషన్ రోజు. మెంబరు ఉండాలన్నారని వెళ్లాను. హాలు నిండా జనం. తెల్లకోటు పిల్ల కాగితం చూసి గట్టిగా పిలిచింది. "ఎమ్మెల్యే సుమిత్ర మేడమ్! మేడమ్ డిపెండెంట్ రామేశ్వర్ ఎవరండీ?"

అందరూ చూశారు. చక్రాల కుర్చీలో కూచుని ఉన్నాడు. చెయ్యి కాస్త పైకెత్తాడు, బడిలో హాజరు పలికే పిల్లాడిలా. చేవెళ్ల నుంచి వచ్చిన ఇద్దరు అనుచరులు గోడకేసి చూశారు.

ఆ క్షణం కోసమే ఇన్నాళ్లూ మెంతులు తాగాను. తీపిగా ఉంటుందనుకున్నాను. ఉంది. ఉంది, అబద్ధం ఎందుకు. కానీ లిఫ్టు తలుపు మూసుకునేదాకే ఉంది.

సాయంత్రం లోపలికి పాస్ ఒక్కటే ఇచ్చారు, భార్యకు. శకుంతలమ్మ కింద మెట్ల మీద కూచుంది. నేను పాస్ మెడలో వేసుకుని లోపల కూచున్నాను. ఆమె లేచి అడిగేదాకా ఇవ్వకూడదనుకున్నాను. ఆమె అడగలేదు. ఏడవనూ లేదు. చేతిలో ఆయన చెప్పులు పట్టుకుని అలాగే కూచుందట.

చీకటి పడే వేళకు ఆయన కళ్లు తెరిచాడు. మత్తులో నన్ను చూశాడో లేదో. నేను చెయ్యి పట్టుకున్నాను, నాడి కొట్టుకుంటోందో లేదో చూద్దామని.

"శకుంతలా," అన్నాడు.

కిందికి దిగి పాస్ ఆమె మెడలో వేసి, బస్సెక్కాను.

జూన్ 2

బాగానే ఉన్నాడట.

జూలై 18

పెన్షన్ నా ఖాతాలో పడుతోంది. కార్డు నా దగ్గరే ఉంది. బావికి కొత్త మోటరు. వినికిడి తగ్గిన రాధమ్మకు చెవి మిషన్. బోలెడు మిగులుతోంది, దేనికి ఖర్చు పెట్టాలో తెలియడం లేదు.

ఆగస్టు 30

ఎవరూ రాలేదు. మంచిదే.

అక్టోబరు 2

దసరాకు చౌరస్తాలో ఫ్లెక్సీ వేయించాను. నా ఒక్కదాని ఫొటో. "మాజీ శాసనసభ్యురాలు శ్రీమతి సుమిత్రమ్మ, ప్రజలందరికీ దసరా శుభాకాంక్షలు." ఆయనది ఉన్న చోటే, అంతకంటే పెద్దది. చేవెళ్ల పోయే బస్సులన్నీ దాని కిందినుంచే పోవాలి.

సాయంత్రం చాయ్ బండి దగ్గర ఇద్దరు మాట్లాడుకుంటుంటే విన్నాను.

"ఎవరీమె?"

"ఎమ్మెల్యే సాబ్ భార్య. సాబ్‌కు పాణం బాగలేదు గద, ఈమెను పెట్టిన్రు."

తిరిగి ఇంటికొచ్చి తలుపేసుకున్నాను. నేల మీద గిన్నె విసిరాను. సొట్ట పడింది.

నవంబరు 9

రేపు ఫొటో దిగాలి. నా ఫోన్లోనే, నేనే. నీలం చీర మాసింది, ఏదో ఒకటి కట్టుకుంటాను. అల్లం లేదు. అక్కర్లేదు కూడా.

నవంబరు 10

పొద్దున గేటు చప్పుడైతే లేచాను. పాలవాడు.

కుర్చీ వెలుతురులోకి జరిపి, ఎదురుగా స్టూలు మీద బెల్లం డబ్బా పెట్టి, దానికి ఫోన్ ఆనించాను. తల తిప్పాను, కన్ను ఆర్పాను. "ముఖం సరిపోలలేదు." కళ్లద్దాలు తీసి మళ్లీ చూశాను. సరిపోలలేదు. కిటికీ తెరిచాను, బొట్టు పెట్టుకున్నాను. సరిపోలలేదు, సరిపోలలేదు. నేను కానంటుంది! ఆఫీసుకు వెళ్లి చూపించుకోవచ్చు, కరుణమ్మ వస్తుంది. కానీ నాకు పంతం వచ్చింది. నేను బతికి ఉంటేనే ఆయనకు ఏమీ రాదు. ఈ డబ్బా ఫోన్ ముందు ఓడిపోతానా?

ఆ పెన్షన్ యాప్‌లో పాత ఫొటోలు కనిపిస్తాయి, నొక్కితే. ఏటా ఆయన తీసినవి. చూశాను. పౌడరు, నీలం చీర, పెదవులు కాస్త విడి, కళ్లు ఫోన్‌ను కాకుండా ఫోన్ వెనకాల ఎవరినో చూస్తున్నాయి. ఆరేళ్లూ ఒకే మొహం. ఈ ఏడాదంతా అద్దంలో ఆ మొహం నాకు కనిపించలేదు.

మాసిన నీలం చీరే తీసి కట్టుకున్నాను. పౌడరు రాసుకున్నాను. కూచుని, బెల్లం డబ్బా వెనకాల ఖాళీ చోటును చూశాను. పగిలిన మడమ, అల్లం చాయ్ గ్లాసు, చేతిలో ఫోన్.

జర ఇటు సూడు. నవ్వు. ఏడాదికొక్కసారి గూడ నవ్వవా?

పచ్చ టిక్కు పడింది.

బతికే ఉన్నానట, ఇంకో ఏడాదికి. గోలీ వేసుకున్నాను. ఆయన కంటే ఒక్క పూట ఎక్కువ, అంతే. ఆ ఒక్క పూట ఎలా గడుస్తుందో మాత్రం ఇవాళే మొదటిసారి ఆలోచించాను.